ఫ్యాక్టర్ 8 సీసాలోని ప్రోటీన్ మంచిదో కాదో ఏ అంకె చెబుతుంది?

మీ ప్రశ్నను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూసుకోవడానికి ముందు దాన్ని క్లుప్తంగా తిరిగి రాస్తున్నాను. మీ బాబుకు ఆరేళ్ళు, బరువు 20 కిలోలు, తీవ్రమైన హిమోఫీలియా-ఏ, అంటే రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్ 8 అనే ప్రోటీన్ ఒంట్లో దాదాపు లేని జబ్బు. మొన్నటి దాకా విరాళంగా వచ్చిన రీకాంబినెంట్ (రక్తం నుంచి కాక, జన్యువును కణాల్లో పెట్టి తయారుచేసిన) ఫ్యాక్టర్ 8 ఎక్కించారు. ఇప్పటికి మొత్తం 120 రోజుల పైచిలుకు ఫ్యాక్టర్ ఎక్కింది. రెండు నెలలుగా మీ ఆసుపత్రిలో దొరుకుతున్నది దాతల ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) నుంచి తీసిన ఫ్యాక్టర్. పెట్టెలోని కాగితం మీద "స్పెసిఫిక్ యాక్టివిటీ" అన్నచోట పాతదానికి మిల్లీగ్రాముకు వేలల్లో యూనిట్లు ఉండగా, కొత్తదానికి 100 యూనిట్లని ఉంది. తెలిసినవారొకరు "ఇది నాసిరకం ప్రోటీన్, ఇలాంటిది ఎక్కిస్తేనే ఇన్హిబిటర్ వస్తుంది" అన్నారు. పోయిన వారం మందు కలిపినప్పుడు సీసాలో సన్నని తెల్లని పోగులు తేలడం మీరు చూశారు, అయినా వేరే సీసా లేక దాన్నే ఎక్కించారు. ఇప్పుడు ఆ అంకె గురించి, ఇన్హిబిటర్ (ఫ్యాక్టర్‌ను అడ్డుకునే ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు) గురించి, ఆ పోగుల గురించి అడుగుతున్నారు.

నేను ప్లాస్మా నుంచి మందులు తీసే ఒక కర్మాగారంలో, నాణ్యతా పరీక్షల విభాగంలో 20 ఏళ్ళకు పైగా పనిచేశాను. వైద్యుణ్ణి కాను కాబట్టి మోతాదులు, మందు మార్పులు మీ హిమటాలజిస్టుతోనే తేల్చుకోవాలి. సీసాలో ఉన్న ప్రోటీన్ గురించి మాత్రం నాకు తెలిసింది చెప్పగలను. ఆ 100 అన్న అంకెను చూసి భయపడవలసిన పని లేదు. పోగుల సంగతిని మాత్రం తేలికగా తీసుకోవద్దు.

ముందు సీసాలో ఏముందో చూద్దాం. 500 యూనిట్ల సీసా అడుగున కనిపించే తెల్లని బిళ్ళ అంతా ఫ్యాక్టర్ 8 అని చాలామంది అనుకుంటారు. పూర్తిగా శుద్ధి చేసిన ఫ్యాక్టర్ 8 అయితే 500 యూనిట్ల బరువు ఒక మిల్లీగ్రాములో పదోవంతు కూడా మించదు, అంటే దాదాపు ఒకటి రెండు మెత్తని ఉప్పు రేణువులంత. మిగిలినదంతా ఆ ప్రోటీన్ చెడిపోకుండా కాపాడడానికి చేర్చినవి: చక్కెర జాతి పదార్థాలు, గ్లైసిన్, ఉప్పు, కొద్దిగా కాల్షియం, కొన్ని మందుల్లో అల్బుమిన్ అనే మరో ప్రోటీన్. ఆ ఉప్పు రేణువంత ప్రోటీన్ వెనుక ఎందరి రక్తం ఉందో కూడా తెలుసుకోవాలి. ఆరోగ్యవంతుల ప్లాస్మాను కలిపినప్పుడు ఒక మిల్లీలీటరులో ఉండే చురుకుదనాన్నే ఒక యూనిట్ అంటారు, అంటే లీటరు ప్లాస్మాలో సుమారు 1000 యూనిట్లు ఉండాలి. ప్లాస్మాను చలికి గడ్డకట్టించి, కరిగించి, శుద్ధి చేసి, వైరస్‌లను చంపేసరికి అందులో 200 యూనిట్ల చిల్లర దక్కితే అది మంచి రాబడే. మీ బాబుకు ఎక్కే ఒక్క 500 యూనిట్ల సీసాకు దాదాపు పదిమంది దాతల ప్లాస్మా ఖర్చవుతుంది. నేను పరీక్షశాలలో చేరిన తొలి వారంలోనే మా పెద్దాయన ఈ లెక్క చెప్పి, సీసాను బల్ల మీద చప్పుడు కాకుండా పెట్టడం నేర్పారు.

ఇక స్పెసిఫిక్ యాక్టివిటీ. ఒక మిల్లీగ్రాము మొత్తం ప్రోటీన్‌లో ఎన్ని యూనిట్ల ఫ్యాక్టర్ ఉందో చెప్పే అంకె అది. ఇది శుద్ధతను, అంటే ఫ్యాక్టర్‌తో పాటు ఇంకే ప్రోటీన్లు ఎంత మేరకు వచ్చాయన్నదాన్ని కొలుస్తుంది. 1964లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో జూడిత్ గ్రాహం పూల్ కనిపెట్టిన క్రయోప్రెసిపిటేట్‌లో (చలికి గడ్డకట్టిన ప్లాస్మాను మెల్లగా కరిగించినప్పుడు మిగిలే ముద్దలో) ఈ అంకె ఒకటి కూడా ఉండదు, ఎందుకంటే అందులో ఫైబ్రినోజెన్, ఫైబ్రోనెక్టిన్ వంటి ఇతర ప్రోటీన్లు ఫ్యాక్టర్ కంటే వేల రెట్లు ఎక్కువ. ఆ క్రయో నుంచి మరింత శుద్ధి చేసినవాటిలో కొన్ని యూనిట్ల నుంచి 100 దాటి ఉంటుంది. ఏకరూప (మోనోక్లోనల్) ప్రతిరక్షకాలను వలగా వాడి పట్టిన ఫ్యాక్టర్‌లో, అల్బుమిన్ కలపకముందు, 2000 పైన ఉంటుంది. రీకాంబినెంట్‌లో 4000 నుంచి 10,000 దాకా ఉంటుంది. మందుల ప్రమాణాల గ్రంథమైన యూరోపియన్ ఫార్మకోపియా ప్లాస్మా ఫ్యాక్టర్ 8కి పెట్టిన కనీస హద్దు మిల్లీగ్రాముకు ఒక్క యూనిట్ మాత్రమే అని తెలిస్తే మీరు ఆశ్చర్యపోవచ్చు. ఇది నిబంధనలు రాసినవారి అలసత్వం కాదు. ఫ్యాక్టర్ 8 పక్కన మరో ప్రోటీన్ ఉండడం తప్పు కాకపోవచ్చు, కొన్నిసార్లు అది ఉండి తీరాలి కూడా.

ఆ ప్రోటీన్ పేరు వాన్ విల్‌బ్రాండ్ ఫ్యాక్టర్. రక్తంలో ఫ్యాక్టర్ 8 ఒంటరిగా తిరగదు. పుట్టినప్పటి నుంచి ఈ పెద్ద ప్రోటీన్‌ను అంటిపెట్టుకునే ఉంటుంది. వాన్ విల్‌బ్రాండ్ ఫ్యాక్టర్ అసలే లేనివారికి శుద్ధమైన ఫ్యాక్టర్ 8 ఎక్కిస్తే అది గంటల్లోనే కరిగిపోతుంది, తోడున్నవారిలో మాత్రం సగానికి తగ్గడానికి 8 నుంచి 12 గంటలు పడుతుంది. మీ కొత్త మందులో మిల్లీగ్రాముకు 100 యూనిట్లే ఉండడానికి ప్రధాన కారణం ఈ తోడు ప్రోటీన్ బరువే అయ్యే అవకాశం ఎక్కువ. దాన్ని మలినం అనడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. వాన్ విల్‌బ్రాండ్ జబ్బు ఉన్నవారికైతే ఆ ప్రోటీనే మందు, అందులోనూ పొడవాటి గొలుసులుగా అల్లుకున్నదే బాగా పనిచేస్తుంది. వాళ్ళకు అత్యంత శుద్ధమైన ఫ్యాక్టర్ 8 ఎక్కిస్తే ప్రయోజనం దాదాపు ఉండదు. ఒకే సీసా ఒక రోగికి మేలైనదీ, మరొకరికి పనికిరానిదీ అవుతుంటే, ఆ తేడాను శుద్ధత చెప్పే అంకె ఎలా పట్టుకుంటుంది?

అయితే నాణ్యత అంటే ఏమిటి? నా దృష్టిలో అది ఫ్యాక్టర్ 8 అణువు తన సహజమైన ఆకారంతో, ఏ ముక్కా విరగకుండా, ఏ మడతా విప్పుకోకుండా మీ బాబు నరం దాకా చేరడం. ఇది చాలా సుకుమారమైన అణువు. 2332 అమైనో ఆమ్లాల గొలుసు ఇది. ఏ1, ఏ2, బీ, ఏ3, సీ1, సీ2 అనే భాగాలుగా ముడుచుకుని ఉంటుంది. భారగొలుసు, తేలికగొలుసు అని రెండు ముక్కలుగా తెగి, లోహపు అయాన్ల సాయంతో అవి కలిసి ఉంటాయి. గాయమైనచోట త్రాంబిన్ అనే, రక్తాన్ని గడ్డకట్టించే ఎంజైమ్ దీన్ని మూడుచోట్ల ఖచ్చితంగా కోస్తేనే పనికి దిగుతుంది, దిగిన కొన్ని నిమిషాల్లోనే ఏ2 భాగం ఊడిపోయి పని ముగుస్తుంది. ఇంత నాజూకైన వస్తువును ప్లాస్మా నుంచి వేరు చేయడానికి చల్లబరుస్తాం, అవక్షేపిస్తాం, స్తంభాల గుండా పోస్తాం, రసాయనాల్లో ఉంచుతాం, వేడి చేస్తాం, నీరంతా లాగేసి ఎండబెడతాం. ఒక్కో మెట్టు దగ్గర కొన్ని అణువులు దెబ్బతింటాయి.

దెబ్బతిన్న అణువులు వృథాగా పోయి ఊరుకుంటే బాధ లేదు. చురుకుదనం పోయినా వాటి శరీరం మిగిలే ఉంటుంది, మన రోగనిరోధక వ్యవస్థ చూసేది ఆ శరీరాన్నే. అందుకే మేము రెండు రకాలుగా కొలిచేవాళ్ళం: ఒకటి, ఫ్యాక్టర్ 8 ఎంత పనిచేస్తోంది; రెండోది, పనిచేసినా చేయకపోయినా అసలు ఎంత ఫ్యాక్టర్ 8 ప్రోటీన్ ఉంది. ఈ రెండూ దగ్గర దగ్గరగా ఉంటే మందు ఆరోగ్యంగా ఉన్నట్టు. ప్రోటీన్ ఎక్కువై పని తక్కువైతే, 500 యూనిట్ల కోసం అంతకు మించిన చచ్చిన ప్రోటీన్‌ను కూడా పిల్లవాడి ఒంట్లోకి పంపుతున్నట్టు లెక్క. మడత విప్పుకున్న అణువులు ఒకదానికొకటి అతుక్కుని గుంపులు కడతాయి, ఆ గుంపులనే శరీరం పరాయివాటిగా గుర్తించి ప్రతిరక్షకాలు తయారుచేసే ప్రమాదం ఎక్కువ. ఫ్యాక్టర్‌ను అడ్డుకునే ఆ ప్రతిరక్షకాలనే ఇన్హిబిటర్ అంటాం. పెట్టెలోని కాగితంలో ఈ నిష్పత్తి కనిపించదు, కనిపించి ఉంటే మీకు స్పెసిఫిక్ యాక్టివిటీ కంటే అదే ఎక్కువ ఉపయోగపడేది.

ఇదంతా ఊహ కాదని చెప్పే సంఘటనలు యూరప్‌లో జరిగాయి. వాటి నేపథ్యం మీకు తెలిసే ఉంటుంది: 1982 జూలైలో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ముగ్గురు హిమోఫీలియా రోగుల్లో ఎయిడ్స్ లక్షణాలను ప్రకటించింది, ఆ తరువాతి సంవత్సరాల్లో వేలాది మందికి ఫ్యాక్టర్ ద్వారానే హెచ్ఐవీ, హెపటైటిస్-సీ సోకాయని తేలింది. దానితో తయారీదారులందరూ వైరస్‌లను చంపే మార్గాలకు మళ్ళారు. ఎండబెట్టిన పొడిని 80 డిగ్రీల దగ్గర 72 గంటలు ఉంచడం ఒకటి. ద్రావణంగా ఉన్నప్పుడే 60 డిగ్రీల దగ్గర 10 గంటలు వేడి చేసే పాశ్చరైజేషన్ మరొకటి. న్యూయార్క్ బ్లడ్ సెంటర్‌లో రూపుదిద్దుకున్న సాల్వెంట్-డిటర్జెంట్ పద్ధతి ఇంకొకటి; అది వైరస్‌ల మీది కొవ్వు పొరను కరిగించి హెచ్ఐవీని, హెపటైటిస్-బీ, సీలను చంపుతుంది, ప్రోటీన్‌ను దాదాపు ముట్టుకోదు. కొవ్వు పొర లేని హెపటైటిస్-ఏ, పార్వో బీ19 వైరస్‌లు మాత్రం దానికి లొంగవు. అందుకని చాలామంది ఒక పద్ధతి మీద మరొకటి పేర్చడం మొదలుపెట్టారు.

అలా చేస్తున్న కాలంలో, 1990 ప్రాంతంలో నెదర్లాండ్స్, బెల్జియంలలో పాశ్చరైజ్ చేసిన ఒక కొత్త ఫ్యాక్టర్ 8కి మారిన రోగుల్లో ఇన్హిబిటర్లు కనిపించాయి. వాళ్ళు చిన్నపిల్లలు కారు, కొత్తగా మందు మొదలుపెట్టినవారు కారు. ఏళ్ళ తరబడి, వందల రోజులు ఫ్యాక్టర్ ఎక్కించుకుని ఏ ఇబ్బందీ రానివారు. 1995 ప్రాంతంలో జర్మనీ, బెల్జియంలలో మరో మందుతో, సాల్వెంట్-డిటర్జెంట్‌కు తోడు పాశ్చరైజేషన్‌ను చేర్చిన తరువాత, అదే కథ మళ్ళీ జరిగింది. రెండుసార్లూ ప్రతిరక్షకాలు ఎక్కువగా అణువులోని సీ2 భాగాన్ని పట్టుకున్నాయి. ఆ మందు ఆపి వేరేదానికి మళ్ళించాక చాలామందిలో అవి క్రమంగా తగ్గిపోయాయి. తయారీలో ఒక మెట్టు అణువు ఆకారాన్ని కొద్దిగా మార్చింది, శరీరం ఆ మార్పును చదివింది. పాశ్చరైజేషన్ అంటేనే చెడ్డదని దీని అర్థం కాదు. అదే పద్ధతితో తయారైన వేరే మందులు దశాబ్దాలుగా ఏ ఇబ్బందీ లేకుండా వాడుకలో ఉన్నాయి. వేడి చేసేటప్పుడు కాపలాగా ఏ చక్కెర ఎంత వేశారు, ఏ దశలో వేశారు, వేడి తరువాత దెబ్బతిన్నవాటిని తీసేశారా లేదా అన్నవే తేడా తెస్తాయి. ఆ సంఘటనల తరువాతే, కొత్త ఫ్యాక్టర్ ఏదైనా ముందుగా ఎంతోకాలం ఫ్యాక్టర్ వాడిన రోగుల్లో పరీక్షించి, కొత్త ప్రతిరక్షకాలు పుట్టడం లేదని చూపించాలన్న పట్టింపు బలపడింది. వైరస్‌ను చంపాలన్న తపన, ప్రోటీన్‌ను కాపాడాలన్న తపన ఒకదానికొకటి ఎదురు నిలిచే పరిస్థితిని దాటుకుని వచ్చిందే ఈనాటి మందు.

పరీక్ష ఎలా చేస్తామో ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే దాన్నుంచి మీకు పనికొచ్చే విషయం ఒకటి ఉంది. నేను నేర్చుకున్న రోజుల్లో చేతితోనే చేసేవాళ్ళం. ఫ్యాక్టర్ 8 లేని ప్లాస్మాలో మందును పలుచన చేసి కలిపి, 37 డిగ్రీల నీటి తొట్టిలో గాజు గొట్టాన్ని ఉంచి, కాల్షియం వేసిన క్షణంలో గడియారం నొక్కి, గొట్టాన్ని దీపం ముందు వాల్చుతూ లేపుతూ చూసేవాళ్ళం. కొన్ని పదుల సెకన్లు ఏమీ ఉండదు, నీళ్ళలా అటూ ఇటూ జారుతుంది. ఉన్నట్టుండి ఒక సన్నని పోగు మెరుస్తుంది, మరుక్షణంలో అంతా జున్నులా నిలిచిపోతుంది. ఆ పోగు కనిపించిన క్షణమే మాకు కావలసిన అంకె. దీన్ని ఒకదశ పరీక్ష అంటారు. క్రోమోజెనిక్ పరీక్షలో గడ్డ ఉండదు. ఫ్యాక్టర్ 8 ఎంత ఉంటే అంత పసుపు రంగు పుడుతుంది, దాన్ని యంత్రం చదువుతుంది. సహజమైన ఫ్యాక్టర్ 8కి రెండూ దగ్గరగా వస్తాయి. బీ భాగం తీసేసిన రీకాంబినెంట్ మందుల్లో ఒకదశ పరీక్ష తక్కువ చూపవచ్చు. తయారీలో కొంత ఫ్యాక్టర్ ముందే త్రాంబిన్ బారిన పడి ఉంటే ఒకదశ పరీక్ష ఎక్కువ చూపుతుంది. రెండు అంకెలు ఎడమైనప్పుడు మేము ఆ బ్యాచ్‌ను పక్కన పెట్టి కారణం వెతికేవాళ్ళం. మీరు గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, బాబు రక్తంలో ఫ్యాక్టర్ శాతం పరీక్షించినప్పుడు నివేదిక మీద ఏ పద్ధతో రాయించుకోండి, పాత మందు నాటి అంకెతో కొత్త మందు అంకెను పోల్చేటప్పుడు పద్ధతి ఒకటేనా అని చూడండి. సీసా మీద 500 అని ఉన్నా, ఫార్మకోపియా ప్రకారం అసలు బలం ప్రకటించినదానిలో 80 నుంచి 120 శాతం మధ్య ఉండవచ్చన్నది కూడా మనసులో పెట్టుకోండి.

రీకాంబినెంట్‌ను గురించి మీకున్న గౌరవం సరైనదే. 1984లో ఫ్యాక్టర్ 8 జన్యువును వేరుచేశారు, 1990ల తొలినాళ్ళలో ఆ మందు రోగుల చేతికొచ్చింది, దాతల రక్తం నుంచి వచ్చే వైరస్‌ల భయం దానితో దాదాపు తొలగిపోయింది. అయితే అక్కడా ప్రోటీన్ నాణ్యత ప్రశ్న మరో రూపంలో ఉంటుంది. ఎక్కువగా చిట్టెలుక జాతి జంతువు కణాల్లో పెంచే ఈ అణువు మీద ఆ కణాలు తమ తరహా చక్కెర గొలుసులను అతికిస్తాయి. 1680వ స్థానంలోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లం మీద సల్ఫేట్ పడకపోతే ఆ అణువు వాన్ విల్‌బ్రాండ్ ఫ్యాక్టర్‌ను గట్టిగా పట్టుకోలేదు. మిల్లీగ్రాముకు 8000 యూనిట్ల మందులో కూడా తోడును పట్టుకోలేని అణువులు కొన్ని ఉండవచ్చు. మనిషి కణాల్లో పెంచిన రకాలు ఆ తరువాత వచ్చింది ఇటువంటి తేడాలను తగ్గించడానికే.

ఇన్హిబిటర్ విషయంలో మీకు తెలిసినవారు చెప్పినదానికి సాక్ష్యం సరిగ్గా ఎదురుగా ఉంది. 2016లో వెలువడిన సిప్పెట్ అనే అధ్యయనంలో మన దేశపు పిల్లలు కూడా ఉన్నారు. అంతకుముందు ఫ్యాక్టర్ అసలు వాడని, ఆరేళ్ళలోపు, తీవ్రమైన హిమోఫీలియా-ఏ ఉన్న 251 మంది పిల్లల్లో కొందరికి వాన్ విల్‌బ్రాండ్ ఫ్యాక్టర్ ఉన్న ప్లాస్మా మందు, కొందరికి రీకాంబినెంట్ ఇచ్చి చూశారు. ప్లాస్మా మందు వాడినవారిలో 26.8 శాతం మందికి, రీకాంబినెంట్ వాడినవారిలో 44.5 శాతం మందికి ఇన్హిబిటర్ వచ్చింది. తోడు ప్రోటీన్ ఫ్యాక్టర్ 8ను రోగనిరోధక కణాల కంటపడకుండా కప్పి ఉంచడం దీనికి కారణం కావచ్చని చాలామంది అభిప్రాయం, నాకూ అదే సబబనిపిస్తుంది. ఈ అంకెలను పట్టుకుని రీకాంబినెంట్ చెడ్డదని నేను అనను, ఎందుకంటే ఆ అధ్యయనం మొదటిసారి మందు ముట్టుకునే పిల్లలది. మీ బాబు ఆ గండం దాటాడు. ఇన్హిబిటర్లలో అత్యధికం మొదటి 50 రోజుల ఫ్యాక్టర్‌లోనే, అందులోనూ మొదటి 20 రోజుల్లోనే వస్తాయి. 120 రోజులు దాటి, పరీక్షల్లో ఏమీ కనిపించని పిల్లవాడికి ప్రమాదం పూర్తిగా పోదు కానీ చాలా తగ్గుతుంది. ప్రమాదాన్ని మొదటి నుంచి నిర్ణయించేవాటిలో పిల్లవాడి జన్యులోపం ఎలాంటిదన్నది ముఖ్యమైనది, అది సీసా చేతిలో లేదు. ఒక మందు నుంచి మరొకదానికి మారడమే ఇన్హిబిటర్ తెస్తుందని కూడా ఇప్పటిదాకా రుజువు కాలేదు. మారేముందు ఒకసారి, మారిన తరువాత ఒకసారి బెథెస్డా పరీక్ష (రక్తంలో ఇన్హిబిటర్ ఎంత ఉందో కొలిచేది) చేయించడం మాత్రం మంచి అలవాటు. మీ కాగితాల్లో మారేముందు చేసినది ఉందో లేదో వెతకండి.

ఇప్పుడు ఆ పోగుల దగ్గరికి వస్తాను, మీ ఉత్తరంలో నన్ను నిజంగా కలవరపెట్టింది అదే. కలిపిన ఫ్యాక్టర్ నీళ్ళలా తేటగా గానీ, లేత పసుపుగా గానీ, కొద్దిపాటి మసక మెరుపుతో గానీ ఉండవచ్చు. అది పర్వాలేదు. పోగులు, ముక్కలు, పెరుగు విరిగినట్టు గడ్డలు కనిపిస్తే దాన్ని ఎక్కించకూడదు. కనిపించే పోగు అంటే కొన్ని వేల కోట్ల అణువులు మడత విప్పుకుని ఒకదాన్నొకటి పట్టుకున్నాయని అర్థం. కంటికి కనిపించని గుంపులు వాటి చుట్టూ ఇంకా ఉంటాయి.

ఇలా ఎందుకు జరుగుతుందో నేను ఒకసారి కళ్ళారా చూశాను. ఒక ఆసుపత్రి నుంచి మా బ్యాచ్ మీద ఫిర్యాదు వచ్చింది, మందు పనిచేయడం లేదు, పోగులు వస్తున్నాయని. మా దగ్గర దాచిన అదే బ్యాచ్ సీసాలను విప్పి పరీక్షిస్తే అన్నీ సరిగ్గా ఉన్నాయి. నేను స్వయంగా వెళ్ళి అక్కడి నర్సమ్మ మందు కలుపుతుంటే పక్కన నిలబడ్డాను. ఆవిడ ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లని సీసాలోకి చల్లని నీటిని సూదితో ఒక్క ఊపున బిళ్ళ నడిమికే పిచికారీలా కొట్టి, త్వరగా కరగాలని సీసాను బొటనవేలితో పట్టుకుని గబగబా ఊపారు. సీసా మెడ దాకా నురగ. ఆమ్లెట్ కోసం గుడ్డు తెల్లసొన గిలక్కొడితే తెల్లగా నురగ వచ్చి అది మళ్ళీ పాత తెల్లసొనగా మారదు కదా, ఇక్కడా జరిగేది అదే. ప్రతి బుడగ అంచు దగ్గర ప్రోటీన్ గాలికి పరుచుకుని మడత విప్పుకుంటుంది. ఆవిడ తప్పేమీ లేదు, ఎవరూ చెప్పలేదు, వరండాలో పదిమంది పిల్లలు వాచిన మోకాళ్ళతో ఎదురుచూస్తున్నారు. మరుసటి సీసాను నేను కలిపి చూపించాను. ముందు పొడి సీసా, నీటి సీసా రెండింటినీ గది వేడికి రానిచ్చాను, పావుగంట పైగా పట్టింది. నీటిని సీసా గోడ మీదుగా జారేలా వదిలి, రెండు అరచేతుల మధ్య సీసాను మెల్లగా తిప్పుతూ ఉంటే నాలుగైదు నిమిషాల్లో తేటగా కరిగింది. అదే బ్యాచ్, అదే ఫ్రిజ్, ఒక్క పోగు లేదు.

అందుచేత మీరు కలిపే పద్ధతిని ముందు చూసుకోండి. కలపకముందు ఆ పొడి బిళ్ళను కూడా పరికించండి: అది మెత్తగా, విడిగా, సీసా అడుగున నిండుగా ఉండాలి. కుంచించుకుపోయి గోడకు జిగురులా అంటుకుంటే లోపలికి తేమ చేరిందో, ఎక్కడో వేడి తగిలిందో అనుమానించాలి. మన ఎండాకాలంలో ఆసుపత్రి నుంచి ఇంటికి బస్సులో తీసుకెళ్ళేటప్పుడు ఐసుముక్కలకు నేరుగా తగలనీయకుండా చల్లని పెట్టెలో పెట్టండి. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, తలుపులో గానీ ఐసు అర పక్కన గానీ కాకుండా మధ్య అరలో ఉంచండి. కొన్ని మందులను గది వేడిలో కొన్ని నెలలు ఉంచవచ్చు, అయితే అలా బయటికి తీసినదాన్ని మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టకూడదని కాగితంలో ఉంటుంది. మీ మందుకు ఏముందో చదవండి. పెట్టెలో ఇచ్చిన వడపోత సూదిని తప్పక వాడండి. పోగులు ఉన్నప్పుడు ఆ వడపోతే పరిష్కారం అనుకోవద్దు, అది పెద్దవాటినే పడుతుంది. కలిపాక మూడు గంటల్లోపు ఎక్కించాలి. చిన్నపిల్లలకు నిమిషానికి 100 యూనిట్లకు మించకుండా, అంటే 500 యూనిట్లకు కనీసం అయిదు నిమిషాలు తీసుకోవాలి.

ఇవన్నీ సరిగ్గా చేసినా మళ్ళీ పోగులు వస్తే తప్పు సీసాదే కావచ్చు. అప్పుడు ఆ సీసాను పారేయకండి. ఫ్రిజ్‌లో నిలబెట్టి, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, కలిపిన సమయం రాసి ఉంచి, ఫోటో తీసి మీ ఆసుపత్రి ఫార్మసీకి రాతపూర్వకంగా ఇవ్వండి. ఘాజియాబాద్ నుంచి నడిచే భారత ఫార్మకోవిజిలెన్స్ (మందుల వల్ల వచ్చే ఇబ్బందులను నమోదు చేసే) కార్యక్రమానికి 1800-180-3024 టోల్ ఫ్రీ నంబరులో మీరే నేరుగా చెప్పవచ్చు, డాక్టరే చెప్పాలన్న నియమం లేదు. ఒకే బ్యాచ్ మీద మూడు నాలుగు ఊళ్ళ నుంచి ఇలాంటి మాట వస్తేనే తయారీదారు తన దగ్గర దాచుకున్న సీసాలను విప్పుతాడు. నేను ఆ బల్లకు అటువైపు కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఇంటి నుంచి వచ్చిన సరైన బ్యాచ్ నంబరు మాకు ఎంతో విలువైనది.

ఎక్కించేసిన ఆ ఒక్క సీసా వల్ల కీడు జరిగి ఉండే అవకాశం తక్కువ. దాన్ని తలచుకుని నిద్ర మానుకోకుండా, తేల్చుకునే మార్గం ఒకటి ఉంది, డాక్టరు గారిని అడగండి. ఒక కిలోకు ఒక యూనిట్ ఎక్కిస్తే రక్తంలో ఫ్యాక్టర్ 8 సుమారు 2 శాతం పెరగాలి. మీ బాబు 20 కిలోలు, సీసా 500 యూనిట్లు, అంటే కిలోకు 25, పెరుగుదల 50 శాతం దగ్గర ఉండాలి. చిన్నపిల్లల్లో ఇది పెద్దవాళ్ళకంటే కొంత తక్కువ రావడం మామూలే. ఎక్కించేముందు ఒక నమూనా, ఎక్కించిన 15 నుంచి 30 నిమిషాల మధ్య ఇంకొక నమూనా, వీలైతే మరునాడు అదే వేళకు మూడోది తీయించి, వాటితో పాటే బెథెస్డా పరీక్షకు కూడా పంపమనండి. రెండో నమూనా తీసే చెయ్యి మందు ఎక్కించిన చెయ్యి కాకూడదు, కాస్త మందు సూదిలో మిగిలినా అంకె తప్పుగా పెరుగుతుంది. పెరుగుదల బాగానే ఉండి, మరునాటికి మరీ వేగంగా పడిపోకుండా ఉంటే ఆ మిల్లీగ్రాముకు 100 యూనిట్ల మందు మీ వాడి ఒంట్లో చేయవలసిన పని చేస్తోందన్నమాట, వేలల్లో ఉన్న పాత అంకె కోసం వెనక్కి పరుగెత్తనక్కరలేదు. పెరుగుదల సగానికి సగం పడిపోతే ముందు అదే పరీక్షను మరో బ్యాచ్ సీసాతో చేయించమని అడగండి; సీసా మారగానే అంకె కోలుకుంటే లోపం మందులో ఉంది, కోలుకోకపోతే బాబు ఒంట్లో వెతకాలి. ఆ మూడు అంకెలు, పరీక్ష పద్ధతి పేరు, బ్యాచ్ నంబరు వచ్చాక ఇక్కడే రాయండి, వాటిని ఎలా చదవాలో వివరంగా చెబుతాను.